పుస్తకంలో లేని పదకొండు రోజులు

సెనైదా కియాలా మా చుట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు చదివింది. చదివింది అంటే చదువుకుందని కాదు, చుట్టలు చుట్టే మా కోసం పైకి చదివింది. మా పనిలో చేతులకు తీరిక ఉండదు, చెవులకు మాత్రం రోజంతా తీరికే. ఆ చెవుల కోసం హాల్లో ఒక ఎత్తు వేదిక, దాని మీద కుర్చీ, మైకు, చదవడానికి ఒక మనిషి. పొద్దున పేపరు, మధ్యాహ్నం రెండింటికి నవల. క్యూబాలో చుట్టల ఫ్యాక్టరీలకు తాతముత్తాతల నుంచీ ఉన్న పద్ధతి ఇది.

ఆ కుర్చీలోంచి ఆవిడను దించింది నేను. ఈ సంగతి చివరిదాకా దాచి చెప్పడం నాకు చేతనవును. కానీ అలాంటి నేర్పుతోనే వ్యవహారం ఇంత దూరం వచ్చింది, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

ఆవిడ ఈ ఊరి మనిషి కాదు. తూర్పున బరకోవా కొండల్లో పుట్టింది. పంతొమ్మిదో ఏట పిన్ని ఇంటికని వచ్చి, మా ఫ్యాక్టరీలో ఈనెలు తీసే పనికి చేరింది. తడిపిన పొగాకు ఆకును ఒళ్లో పరుచుకుని, నడిమి ఈనెను ఒక్క లాగుతో ఊడదియ్యాలి, ఆకు చిరగకూడదు. ఆ గది హాలుకు వెనక ఉంది. మైకు మాట అక్కడికి సగం వస్తుంది, సగం రాదు. సెనైదా తలుపు పక్క చోటు కోసం రోజూ అందరికన్నా ముందు వచ్చి కూర్చునేదట. వినపడని సగం తనే అల్లుకుని, సాయంత్రం పక్కవాళ్లకు పూర్తి కథ చెప్పేదట.

పాత చదువరికి గొంతు పోయినప్పుడు ఆ కుర్చీకి పోటీ పెట్టారు. మా దగ్గర చదువరిని ఎంచుకునేది ఆఫీసు కాదు, హాలు. వచ్చినవాళ్లు తలా మూడు రోజులు చదవాలి. మాకు చప్పట్లు లేవు. చేతిలో చవేతా ఉంటుంది. చవేతా అంటే పిడి లేని, అర్ధచంద్రాకారం కత్తి. ఆకు కోసేది దానితోనే. చదివింది నచ్చితే దాన్ని బల్ల మీద టకటకమని కొడతాం. నచ్చకపోతే నేల మీద పడేస్తాం. నూట నలభై కత్తులు ఒక్కసారి నేల మీద పడిన చప్పుడు విన్నవాడు మళ్లీ మైకు జోలికి రాడు. ఆ ఏడు సాంతా క్లారా నుంచి రేడియోలో వార్తలు చదివే ఆయన కూడా వచ్చాడట. గొంతు పాకంలా ఉండేదట. కానీ ఆయన ఎవరి కోసమూ ఆగలేదట. సెనైదా చదువుతున్న మూడో రోజు ముందు వరసలో ఒకామెకు నాలుగు తుమ్ములు వరసగా వచ్చాయి. సెనైదా ఆగింది. ఆమె ముక్కు తుడుచుకునేదాకా చూసి, తుమ్ముల్లో పోయిన వాక్యాన్ని మళ్లీ చదివింది. కత్తులు మోగాయి. ఆ ఒక్క వాక్యానికే ఉద్యోగం వచ్చిందని ఆవిడ చెప్పుకునేది.

ఎవరికీ పాఠం చెప్పలేదు గానీ ఊరంతటికీ టీచరమ్మే. పక్కన మూత పెట్టిన గ్లాసులో నీళ్లు, కళ్లజోడు కాడకు చుట్టిన రాగి తీగ, మడత పడకుండా గోధుమరంగు కాగితం అట్ట వేసిన పుస్తకం. మగ పాత్రలకు గొంతు మార్చేది కాదు, కొంచెం తగ్గించేది, అంతే. కరెంటు పోతే మైకు వదిలేసి నిలబడి చదివేది. రొట్టెల దుకాణం దగ్గర క్యూలో ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు.

"టీచరమ్మా, ఆ విధవరాలు రేపు అతన్ని పెళ్లాడుతుందా? మా ఆయన రాత్రంతా నిద్రపోనివ్వలేదు."

"మీ ఆయన్ని రెండింటికి రమ్మను."

"ఆయన చక్కెర మిల్లులో పనిచేస్తాడండీ."

"అయితే వాళ్ల దగ్గర కథ లేదు, పాపం. చక్కెర ఉంది కదా, సర్దుకోమను."

ఇక నేను. పేరు ఓస్నియెల్, వయసు ఇరవై ఆరు, ఏడో వరస మూడో బల్ల. పదహారో ఏట బడి మానేశాను. అప్పటినుంచి చదివిందంతా నేనే చదువుకున్నాను, ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి అందరూ తెలుసుకోవాలని నాకు ఉండేది. ఎవరూ అడగలేదు. అదే నా కడుపుమంట.

ఆదివారాలు పార్కులో సిగ్నలు దొరుకుతుంది. బెంచీల మీద జనమంతా దూరాన ఉన్న బంధువులతో మొహాలు చూసుకుంటూ మాట్లాడుతుంటే, నేను ఫోనులోకి నవలలు దించుకునేవాణ్ణి. చదివేవాళ్ల సైటు ఒకటి ఉంది. అందులో మనకొక అర ఇస్తారు. చదివిన పుస్తకాన్ని ఆ అరలో పెట్టి, ఎంత నచ్చిందో దాన్నిబట్టి చుక్కలు వెయ్యాలి. ఏడాదికి ఇన్ని చదువుతానని మొక్కుకోవాలి, ఎన్ని అయ్యాయో అదే లెక్క చూపిస్తుంది. మొదటి ఏడు నేను నిజంగానే చదివాను, ఇరవై మూడు. పక్కన ఒకామె, ఏ దేశమో తెలియదు, మూడు వందలు చదివింది. ఆ అంకె చూస్తే నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ఇంకో పనిముట్టు దొరికింది. ఎంత లావు నవలనైనా పన్నెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎవరిని మోసం చేశారు, ఎవరు చచ్చారు, దాని భావమేమిటి. ఒక యంత్రం గొంతు చదివి పెడుతుంది కూడా. వేగం పెంచుకుంటే ఏడు నిమిషాల్లో అయిపోతుంది. టోపీ చెవుల మీదికి లాక్కుని, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, చుట్టలు చుడుతూ రోజుకు ఐదారు నవలలు కానిచ్చేవాణ్ణి. రెండో చెవి హాలు వైపు ఉండేది గానీ, దాన్ని నేను వాడలేదు. అరలో ఆరువందల పదకొండు అయ్యాయి.

పక్క బల్ల ఎరిబెర్తోకు ఒక్కడికే ఈ సంగతి తెలుసు. అరవై దాటినవాడు, ఎప్పుడూ చల్లారిన చుట్ట ముక్క నోట్లో ఉంటుంది.

"ఏరా డాక్టరూ, ఎన్నయ్యాయి?"

"ఆరువందల పదకొండు."

"అమ్మ బాబోయ్. ఒకటి చెప్పు."

"ఏం చెప్పాలి?"

"ఏదో ఒకటి. అందులో ఎవడన్నా ఏం తిన్నాడో చెప్పు."

నాకు తెలియలేదు. ఆరువందల పదకొండు నవలల్లో ఒక్కడు ఒక్క పూట ఏం తిన్నాడో నాకు తెలియదు.

"నవల్లో తిండి ఎవడికి కావాలి పెద్దాయనా?"

"నాకు కావాలి. మొన్న టీచరమ్మ చదివిందాంట్లో వాడు పొయ్యి పక్కన నిలబడి చల్లారిన చేప పులుసు తాగాడు చూడు. ఇంటికెళ్లి మా ఆవిణ్ణి అదే చెయ్యమన్నా. చేప ఎక్కడుందో కూడా ఆ పుస్తకంలో రాశారేమో చూసి రమ్మంది."

నవ్వాడు. నేను నవ్వలేదు. వీళ్లకు కథ అక్కర్లేదు, పులుసు కావాలి అనుకున్నాను. నిజానికి ఆ పన్నెండు నిమిషాల్లో దొరికేది ఏం జరిగిందో మాత్రమే. సెనైదా దగ్గర దొరికేది ఎంతసేపు జరిగిందో. ఈ రెంటికీ తేడా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు చెప్పి ఉంటే నన్ను నేనే ఎగతాళి చేసుకునేవాణ్ణి.

నాకు ఆ కుర్చీ కావాలి. ఏటా మార్చిలో హాలు సమావేశమై చదువరిని మళ్లీ ఒప్పుకోవాలి. ఎవరైనా అభ్యంతరం చెబితే వినాలి. ముప్పై ఏళ్లలో ఎవరూ చెప్పలేదు. ఈ ఏడు చెప్పడానికి ఏదో ఒకటి దొరకాలని నేను జనవరి నుంచే కాచుకుని ఉన్నాను. ఆవిడ మంచి పుస్తకాలు ఎంచదని చెబుదామంటే, ఎంచేది హాలే. గొంతు బాగాలేదని చెబుదామంటే, బాగానే ఉంది.

అప్పుడు నడుస్తున్న నవల పేరు 'ఉప్పు రేవు'. దాన్ని ఓటుకు పెట్టమన్నది ఎదెల్మీరా. ముందు వరసలో కూర్చుని అన్నిటికన్నా పొడుగు చుట్టలు చుట్టే మనిషి, మా ఫ్యాక్టరీలో చెయ్యంటే ఆమె చెయ్యి. తొమ్మిదేళ్ల కిందట ఆమె కొడుకు లిస్వాన్ ఇంకో ఐదుగురితో కలిసి, రేకులూ లారీ ట్యూబులూ కట్టి చేసిన పడవలో ఉత్తర తీరం నుంచి వెళ్లాడు. తర్వాత కబురు లేదు. ఎదెల్మీరా ఏడవలేదు. "ఆగస్టుకి లిస్వాన్‌కి ముప్పై నాలుగు వస్తాయి" అంటుంది. కాబట్టి హాల్లో ఎవరమూ అతని గురించి 'ఉండేవాడు' అనం, 'ఉన్నాడు' అంటాం. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు.

ఆ నవల్లోనూ ఒక తల్లి ఉంది, అన్సెల్మో అని పడవ నడిపే కొడుకు ఉన్నాడు. పన్నెండు నిమిషాల్లో నాకు తెలిసింది అంతే. అన్సెల్మో ఇరవై రెండో అధ్యాయంలో మునిగిపోతాడని, మిగతా సగం నవల ఆ తల్లి మౌనం గురించి అని, దాని భావం జ్ఞాపకం అని.

ఫిబ్రవరి చివర ఒక మధ్యాహ్నం ఫోను చార్జి అయిపోయింది. ముందు రాత్రి కరెంటు లేదు, పెట్టుకోలేదు. ఇయర్‌ఫోను తీసేసరికి సెనైదా గొంతు రెండు చెవుల్లోనూ పడింది. ఏదో ఉత్తరం చదువుతోంది. "అమ్మా, ఇక్కడి రొట్టెలో ఉప్పు తక్కువ. మొదట్లో మింగుడు పడలేదు. ఇప్పుడు మన రొట్టె ఎలా ఉండేదో నాలుక మరిచిపోతుందేమోనని భయంగా ఉంది." కింద సంతకం, అన్సెల్మో.

నా చేతిలో ఆకు ఆగిపోయింది.

"పెద్దాయనా, ఏ అధ్యాయం ఇది?"

"నాకేం తెలుసు. వాడు రొట్టెల బట్టీలో పనికి కుదిరి నాలుగు రోజులైంది."

"వాడు చచ్చిపోయాడు కదా."

ఎరిబెర్తో చుట్ట ముక్క నోట్లోంచి తీశాడు.

"నీ చుట్ట వంకర పోతోంది, చూసుకో."

"నేను చదివాను పెద్దాయనా. ఇరవై రెండులో మునిగిపోతాడు."

"చూసుకోమన్నానా."

ముసలాడికి అర్థం కాలేదనుకున్నాను. ఆదివారం పార్కుకు పోయి, ఫోనులో ఆ నవల కథ మూడు చోట్ల చూశాను. మూడు చోట్లా అన్సెల్మో మునిగిపోయాడు. ఆ అధ్యాయం హాల్లో ఏ రోజు రావాల్సిందో కూడా లెక్కేసుకున్నాను. అంత సంతోషం నాకు ఆ ఏడు ఇంకోటి లేదు. మునిగినవాణ్ణి చూసి సంతోషపడ్డానని అప్పుడు తట్టలేదు.

సమావేశం మధ్యాహ్నం, నవల వేళకే పెట్టారు. కార్మిక సంఘం మనిషి లేచి, చదువరిగా సెనైదా కియాలాను కొనసాగించడానికి ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాడు. అడిగేటప్పుడే కాగితం మడుస్తున్నాడు. నేను లేచాను.

ముందే అద్దం ముందు చెప్పుకుని వచ్చిన మాటలు. "టీచరమ్మ అంటే నాకు గౌరవం ఉంది. కానీ చదువరి పని అచ్చులో ఉన్నది చదవడం. మనం చదువు లేనివాళ్లమని మనకేదో ఒకటి వినిపిస్తే సరిపోదు. పదకొండు రోజులుగా ఆవిడ చదివేది పుస్తకంలో లేదు. అన్సెల్మో ఇరవై రెండో అధ్యాయంలోనే మునిగి చనిపోయాడు. ఉత్తరాలూ లేవు, బట్టీ లేదు. అదంతా ఆవిడ కల్పించింది."

కత్తులు పడతాయని చూశాను. పడలేదు. మోగలేదు కూడా. ఫ్యాను ఒకటి తిరుగుతూ ఉంది. అందరూ నావైపు చూడటం లేదు, ముందు వరస వైపూ చూడటం లేదు, ఎవరి ఆకు వైపు వాళ్లు చూస్తున్నారు.

సెనైదా కళ్లజోడు తీసి ఒడిలో పెట్టుకుంది.

"నువ్వు చదివావా నాయనా ఆ పుస్తకం?"

"చదివాను."

"మంచిది. నాకీ మధ్య మరుపు వస్తోంది. అన్సెల్మో పడవ పేరేంటో కాస్త చెప్పు."

పన్నెండు నిమిషాల్లో పడవ పేరు చెప్పరు. కానీ చదివానన్నాను కదా.

"సాంతా రీతా" అన్నాను. రేవులో పడవకు ఆ పేరు ఎప్పుడూ తప్పు కాదు.

వెనక వరసల్లో ఎవరో ముక్కుతో గాలి వదిలారు. నవ్వు అని కూడా అనలేం. హాలుకంతా తెలిసిన విషయం నాకొక్కడికే తెలియదని ఆ గాలితో నాకు తెలిసింది. ఏది తెలియదో మాత్రం ఇంకా తెలియలేదు.

సెనైదా నన్ను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

"అబ్బాయి చెప్పింది నిజమే" అంది మైకులో. "అన్సెల్మో పోయాడు. పుస్తకంలో పదకొండు రోజుల కిందటే పోయాడు. నాకు చదవబుద్ధి కాలేదు." తర్వాత నావైపు తిరిగి, "రా, ఆ అధ్యాయం నువ్వు చదువు. చెప్పినవాడే చదవాలి" అంది.

నేను వేదిక ఎక్కాను. ఎన్నేళ్లుగానో ఎక్కాలనుకున్న మూడు మెట్లు. కుర్చీలో ఆవిడ కూర్చున్న వేడి ఇంకా ఉంది. పుస్తకం నా చేతికిచ్చి, పేజీ చూపించి, ఆవిడ కిందికి దిగి ఖాళీగా ఉన్న నా బల్ల దగ్గర కూర్చుంది.

అధ్యాయం రెండున్నర పేజీలు. మొదటి వాక్యం మరీ గట్టిగా చదివాను, మైకు కీచుమంది. రెండోది ఎవరికీ వినపడలేదు. నాకు పైకి చదవడం రాదు. నా కళ్లు ముందుకు పరుగెత్తుతున్నాయి, నోరు వెనక పడుతోంది. వేగం పెంచుకునే మీట నా గొంతులోనే ఉన్నట్టుంది, తగ్గించేది లేదు.

మునగడం అక్కడ రాసి లేదు. తుఫాను లేదు, కేక లేదు. తల్లి పొద్దున్నే ఒడ్డుకు వస్తుంది. ముందు రాత్రి ఎన్నో పడవలు పోయాయి. పేర్లున్న చెక్కలు ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. ఒక్కో పేరు చదివి ఒక్కో ఇంటివాళ్లు కూలబడుతున్నారు. తల్లికి చదువు రాదు. వాటిలో ఏదైనా తనదేమోనని ఆమె భయపడదు. ఎందుకంటే అన్సెల్మో పడవకు పేరు లేదు. పేరు నువ్వే చెప్పాలి, నువ్వు చెప్పాకే రాయిస్తానని కొడుకు ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. ఆమె రేపు చెప్తా, రేపు చెప్తా అంటూ వాయిదా వేసింది. ఇప్పుడు నీలం రంగు వేసిన, ఏమీ రాయని చెక్క ఒకటి ఆమె కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

అక్కడికి వచ్చేసరికి ఆవిడ నన్ను పడవ పేరు ఎందుకడిగిందో నాకు తెలిసింది. నన్ను పరీక్షించడానికి కాదు. ఆ ప్రశ్న విని నేను ఆగిపోతానని. చదివినవాడెవడైనా ఆగిపోయేవాడు.

నేను చివరిదాకా చదివాను. మార్చి చదవడం నాకు చేతకాదు, చేతనైనా ఆ పని చేసేంత మనిషిని కాదు. ఎదెల్మీరా తల ఎత్తలేదు. చేతిలో ఉన్న చుట్ట పూర్తి చేసింది, కొసకు జిగురు రాసింది, పక్కన పేర్చింది. తర్వాత చవేతాను బల్ల మీద పెట్టింది. కొట్టలేదు, పడెయ్యలేదు. పెట్టింది.

సంఘం మనిషి గొంతు సవరించుకుని, సరే, ఓటు అన్నాడు. సెనైదా ఉండాలనేవాళ్లు, అన్నాడు. నూట నలభై కత్తులు మోగాయి. అంత సేపు మోగడం నేను ఎప్పుడూ వినలేదు. నా కత్తి నా బల్ల మీదే ఉంది, దాన్ని ఎరిబెర్తో రెండో చేత్తో తీసుకుని కొట్టాడు.

మోత ఆగాక సెనైదా నిలబడింది.

"మీ అందరి దయ. కానీ ఇక కుదరదు. రేపటినుంచి నేను పేజీ తిప్పిన ప్రతిసారీ మీరు నా చేతులు చూస్తారు, ఏం దాటేసిందో అని. వినేవాళ్లు చేతులు చూడకూడదు. నాకు రిటైరు కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఈనెలు తియ్యడం మరిచిపోలేదు."

చాలామంది బతిమాలారు. ఆవిడ గ్లాసు, మూత తీసుకుని వెనక గదిలోకి వెళ్లిపోయింది. పుస్తకం మాత్రం వదిలేసింది. మొదలుపెట్టిన నవల మధ్యలో ఆపకూడదు, అది హాలు కట్టుబాటు. ఎవరు చదువుతారని సంఘం మనిషి అడిగితే ఎవరూ లేవలేదు. చివరికి ఎరిబెర్తో అన్నాడు, "ఇంకెవరు. డాక్టరుగారే. ఆరువందల పన్నెండోది."

ఆ సాయంత్రం గేటు దగ్గర ఎదెల్మీరా నాకోసం నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను.

"ఇదిగో అబ్బాయ్, ఒక సంగతి చెప్తా విను. ఆ పుస్తకం ఈ హాల్లో చదవడం ఇది రెండోసారి. మొదటిసారి పాత చదువరి చదివాడు. అప్పుడు నాకు పెళ్లి కూడా కాలేదు. వాడు మునిగిపోతాడని నాకు తెలుసు. మా ఈడువాళ్లందరికీ తెలుసు."

"మరి మీరే కదా అది చదవమన్నది."

"అందుకే అడిగా. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని ఏడవలేకపోయా. ఇక్కడైతే అందరూ ఉంటారు, కథ కోసం ఏడుస్తోంది అనుకుంటారు. ఆ రోజు ఇంకో చేతిరుమాలు కూడా తెచ్చుకున్నా. తీరా చూస్తే టీచరమ్మ వాణ్ణి ముంచలేదు. ఆవిడ మొహం చూశా, ఆవిడకి ఎంత కష్టంగా ఉందో. సర్లే పాపం, నాకోసం ఇంత తంటాలు పడుతోంది, ఆవిడ తృప్తి ఎందుకు కాదనాలని ఊరుకున్నా." చేతిసంచి భుజానికి వేసుకుంది. "అయినా వాడి ఉత్తరాలు బాగుండేవి. రోజూ రెండు ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని."

"నన్ను క్షమించండి."

"నువ్వు తప్పేం చదవలేదుగా. ఉన్నదే చదివావు."

ఆ మాట తిట్టు అయి ఉంటే దానికి జవాబు ఉండేది. ఆమె మామూలుగా అంది. ఉన్నదే చదివావు.

తర్వాత ఇరవై నాలుగు రోజులు నేను చదివాను. అట్ట నుంచి అట్ట దాకా, ఒక్క వాక్యం వదలకుండా. రేడియో ఆయన లాగే మొదట్లో ఎవరి కోసమూ ఆగలేదు. ఎవరైనా దగ్గితే ఆగాలని మూడో వారానికి గానీ నాకు తోచలేదు. ఆ నవల్లో తల్లి మౌనం సగం పుస్తకం అని ఆ పన్నెండు నిమిషాల గొంతు చెప్పింది కదా, ఆ మౌనంలో ఆమె రోజూ ఉదయం రెండు గిన్నెలు కడిగేది, ఒకటే వాడేది. ఆ సంగతి అది చెప్పలేదు. రోజుకు అరగంట ఆ గిన్నెల పక్కన కూర్చుంటే తప్ప తెలియదు. సైటు తెరిచి ఆ అర మొత్తం చెరిపేశాను. దాంతో నాకేదో పుణ్యం వచ్చిందని చెప్పుకోవడం లేదు, చూడలేక చెరిపాను. ఎవరూ గమనించలేదు. మూడు వందలామె ఇంకా చదువుతూనే ఉంది.

నన్ను పట్టుకున్నది ఇంకొకటి. హాల్లో వాళ్లు ఇంకా ఆ పదకొండు రోజుల గురించే మాట్లాడుకుంటున్నారు. బట్టీ యజమాని గురించి, అన్సెల్మో చొక్కా కుట్టిపెట్టిన దర్జీ పిల్ల గురించి. నేను చదివిన భాగం గురించి ఎవరూ మాట్లాడరు. బట్టీ యజమానికి ఒక చెవి లేదని ఎరిబెర్తో అంటాడు. రెండూ ఉన్నాయి, ఒకటి వినపడదు అంటుంది వెనక బల్లామె. ఆ పిల్ల అన్సెల్మోను పెళ్లాడటానికి ఒప్పుకుందంటాడు ఒకడు. లేదు, పదకొండో రోజు అడిగాడు, పన్నెండో రోజు చెబుతానంది, ఈలోగా ఈ డాక్టరుగారు లేచాడు, అంటాడు ఇంకొకడు. ప్రపంచంలో ఉన్న పుస్తకమేదైనా నాకు ఆదివారం పార్కులో దొరుకుతుంది. ఇది దొరకదు. దీన్ని ఎవరూ అచ్చు వెయ్యలేదు, ఎవరూ దించి పెట్టలేదు. నూట నలభై మంది విన్నారు. ఒక్క ఉత్తరం ముక్క తప్ప మిగతాదేదీ నేను వినలేదు.

నవల అయిపోయిన మర్నాడు, మధ్యాహ్నం భోజనాల వేళ వెనక గదికి వెళ్లాను. సెనైదా తలుపు పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో గోనెపట్టా, దాని మీద తడి ఆకులు. ఈనె లాగి పక్కన వేస్తోంది. వేళ్లు ఎక్కడా తడబడటం లేదు.

"బాగానే చదివావు చివరి రోజు" అంది. "ఆవిడ రెండో గిన్నె పక్కింటి వాళ్లకి ఇచ్చేసే చోట తొందరపడ్డావు. తలుపు దాకా వెళ్లనియ్యాలి ఆవిణ్ణి."

"అవునండీ."

"కూర్చో. నిలబడితే నా వెలుతురు పోతుంది."

కూర్చున్నాను. మూడు వారాలుగా అనుకుంటున్నది అడిగేశాను.

"టీచరమ్మా, ఆ పదకొండు రోజులూ మీరు చదివింది ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా?"

"రాయడమా? ఏదీ లేదు. పొద్దున కాఫీ కాచుకుంటూ అనుకునేదాన్ని, ఇవాళ వాణ్ణి ఎక్కడికి పంపుదామా అని. కొన్ని రోజులు అదీ లేదు, మైకు ముందు కూర్చున్నాకే."

"గుర్తున్నంత వరకు చెప్పండి. నేను రాసుకుంటాను."

"ఎవరి కోసం?"

"నా కోసమే."

ఆవిడ చేయి ఆగింది. కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది. కోపం లేదు, వెక్కిరింత లేదు.

"అదేంటి నాయనా. నువ్వూ అక్కడే ఉన్నావుగా."

నా ఇయర్‌ఫోను సంగతి ఎరిబెర్తో చెప్పి ఉండడు. చెప్పక్కర్లేదు. ఆ వేదిక మీద నుంచి చూస్తే ప్రతి తలా కనిపిస్తుంది, నెల రోజులు కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. ఎవరి చెవి ఎటు ఉందో కూడా కనిపిస్తుంది. ఆవిడ జవాబు కోసం ఆగింది, తుమ్ముల కోసం ఆగినట్టు, తొందర లేకుండా. అప్పుడైనా నిజం చెప్పవచ్చు.

"ఉన్నానండీ" అన్నాను.

"అయితే నాకెంత గుర్తుందో నీకూ అంతే గుర్తుంటుంది" అని మళ్లీ ఒక ఆకు తీసుకుంది.